సురేందర్ అమెరికా పిట్ట

సురేందర్‌కు నల్లపిట్ట కనిపిస్తే చాలు, అది అమెరికాదే. కూలిపనికొచ్చిన ఈ ఎడారి దేశంలో, ఖురం అనే పేటలో ఎవరో ఖాళీ చేసిన విల్లా ముందు చెత్తలో దొరికిన అమెరికా పక్షుల పుస్తకం అతనికి ఈ జబ్బు అంటించింది. అందులో గ్రాకల్ అనే పిట్ట ఉంది. అక్కడ వీధివీధినా తిరిగేదే. ఒళ్లంతా నలుపు, ఎండ పడితే తల నీలంగా మెరుస్తుంది, కన్ను మాత్రం పసుపు.

సమాయిల్‌లో తాము పనిచేసే బిల్డింగ్ సైట్ పక్కన ఖర్జూర చెట్ల మీద వాలేవన్నీ కాకులేనని రూమ్‌మేట్ భూమయ్య నచ్చజెప్పబోయాడు. అంత దూరం నుంచి పిట్ట ఎట్లా వస్తుందని అడిగాడు.

"జగిత్యాల కెల్లి నువ్వు రాలేదా కాకా? దానికి వీసా గూడ అక్కర్లేదు."



ఎండలకని చట్టం ఇచ్చే మధ్యాహ్నపు విరామం ఆగస్టుతో ముగిసింది. ఎండాకాలం అయిపోయిందని కాగితం మీద రాశారు గానీ, ఆ కాగితం ఎండకు ఎవరూ చదివి వినిపించలేదు. యాభై ఆరేళ్ల భూమయ్య ఇనుప చువ్వలు మోస్తుంటే కళ్లు బైర్లు కమ్మేవి. నోరు తెరిచి చెబితే అన్‌ఫిట్ అని రాసి ఊరికి పంపేస్తారు. పళ్లు బిగబట్టి మోసేవాడు.

సరిగ్గా అప్పుడే సురేందర్ చెయ్యి పైకి లేచేది.

"ఎవ్వరు కదలకుండ్రి. గ్రాకల్ వాలింది."

ఇక అందరూ గోడ నీడకు చేరి కూర్చోవాల్సిందే. కదిలితే ఎగిరిపోతుంది. నీళ్లు తాగొచ్చు, దానికి పిట్టకేం అభ్యంతరం లేదు. అది మెడ తిప్పి కన్ను చూపేదాకా సురేందర్ ఫోటో తీయడు. ఒకరోజు అరగంటైనా తిప్పలేదు. ఫోర్‌మన్ ముర్తుజా మొదట మండిపడ్డాడు. పిట్ట ఫోటో పేపర్లో పడుతుందని, దాని కింద ఫోర్‌మన్ పేరు కూడా వేస్తారని సురేందర్ ఆయన చెవిన వేశాక, ఆయనే అందరికంటే ముందు గొంతుక్కూర్చుని, కన్ను ఏ రంగులో ఉందని గుసగుసగా అడగసాగాడు.

శుక్రవారం సెలవు. సురేందర్ కూర వండుతుంటే భూమయ్య అతని ఫోన్ తీసుకుని ఫోటోలు ఒక్కొక్కటే జరిపాడు. అన్నీ కాకులే. అన్నిటికంటే మొదటిది దగ్గరగా, అద్దంలా వచ్చింది. బూడిదరంగు మెడ. బొగ్గులాంటి నల్ల కన్ను. తేదీ చూశాడు: సెప్టెంబర్ ఒకటి. తన చేతుల్లోంచి చువ్వలు జారిపడిన రోజు. సురేందర్ మొదటిసారి చెయ్యెత్తిందీ ఆ రోజే.

"ఏమన్న తేలిందా కాకా?" గరిటె పట్టుకుని సురేందర్ వచ్చి నిలబడ్డాడు.

భూమయ్య ఫోన్ అతని చేతిలో పెట్టాడు.

"ఫోటోల కన్ను సాఫ్‌గ వడలే బిడ్డా. రేపు మల్ల చూడాలె. ముర్తుజా పేరు గూడ పేపర్ల వడాలె గదా."