నశ్యం తాత సంపంగి

ఆ రోజుల్లో అబద్ధమాడాలంటే ధైర్యం కావాలనుకునేవాణ్ణి. మొహమాటం ఒక్కటి చాలునని తిరుపతిలో ఒక పాత జమీందారుల తోటలో గుమాస్తాగా చేరిన ఏడాదే తెలిసింది. అది ప్రభుత్వ రక్షణలో ఉన్న తోట. ఎండుకొమ్మ విరవాలన్నా పైకి కాగితం రాయాలి (జవాబు వచ్చేలోగా కొమ్మ తనంతట తానే పడేది). తోటమాలిని అందరం నశ్యం తాత అనేవాళ్లం. నలభై ఏళ్లుగా పీల్చిన నశ్యం ఆయనకు వాసనన్నదే తెలియకుండా చేసింది.

తోట మధ్యలో జమీందారుల నాటి సంపంగి చెట్టు బోలుపడి ఒరిగింది. కొట్టడానికి అనుమతి వచ్చేసింది. తాత అడ్డం పడ్డాడు. దాని గింజతో ఆయన పెంచిన చెట్టు ఆ వారమే మొదటి పువ్వు పూసింది మరి.

"పెద్దదాని వాసన దీనికి వచ్చుంటే కొట్టుకోండి సార్. రాకుంటే ఇంగో రెండేండ్లు నిలబెట్టండి, దాని కొమ్మతోనే అంటు కట్టుకుంటా" అన్నాడు.

"పూల సంగతి మీరే తేల్చుకోండి" అన్నాడు మా ఆఫీసరు.

తాత ఆ ఒక్క పువ్వునూ కోసి నా చేతిలో పెట్టాడు. "నా ముక్కు సచ్చిపోయుండాది సామీ. నువ్వు సూసి చెప్పు."

మాది గుడికి పూలమాలలు కట్టే ఇల్లు. స్వామికి పెట్టని పువ్వును వాసన చూస్తే ఎంగిలి చేసినట్టే (గాలికి దానంతటది వచ్చే వాసనకు మాత్రం మినహాయింపు, పెద్ద చెట్టు వాసన నాకు అలా తెలిసిందే). చిన్నప్పుడు ఒక్క మల్లెమొగ్గను వాసన చూసినందుకు నాయన బుట్టెడు పూలు పారబోశాడు. ఇక చెయ్యి ముక్కుదాకా ఎలా లేస్తుంది? ఆ మాట తాతకు చెప్పడానికి సిగ్గేసింది. పూజయ్యాక చూద్దాంలే అని ఊపిరి బిగబట్టి ఇంటికి పట్టుకుపోయాను. నాయన దాన్ని స్వామి పాదాల దగ్గర పెట్టాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి నిర్మాల్యంతో పాటు బావిలో వేసేశాడు.

"యాడ నాయనా పువ్వు?"

"స్వామికి పెట్టినంక దాంతో నీకేం పనిరా?"

బావిలోకి తొంగిచూశాను. పువ్వు తేలుతోంది. వాసన మాత్రం పైకి రాలేదు.

మర్నాడు తాత గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఎట్లుండాది సామీ?"

ఆ ముఖం చూసి నిజం చెప్పలేకపోయాను. "అచ్చం అదే వాసన తాతా" అన్నాను. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సాయంత్రానికి పెద్ద చెట్టు నేలమీద ఉంది.

మరుసటేడు కొత్త చెట్టు విరగబూసింది. ఒక పువ్వు స్వామికి పెట్టి, నాయన చేతికి చిక్కకముందే తీసి వాసన చూశాను. పచ్చి ఆకు వాసన తప్ప ఇంకేమీ లేదు. తాత మాత్రం వచ్చినవాళ్లనల్లా దాని కిందికి పిలుచుకొచ్చేవాడు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే, "మీకు జలుబు సేసుండాది. మా సామినడగండి" అనేవాడు. నేను తలూపేవాణ్ణి. ఆయన పోయేదాకా ఊపుతూనే ఉన్నాను.

అప్పటి నాలోని కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. తిట్టబుద్ధీ అవుతుంది. దేవుడి పేరు చెప్పి బిగబట్టిన ఆ ఒక్క ఊపిరీ పీల్చి ఉంటే, తాత అంటు కట్టుకునేవాడు. ఆ వాసన ఇవాళ్టికీ ఊళ్లో ఉండేది.