మగ్గం గుంట చుట్టూ పార్టీ

పళ్ళిపట్టు మగ్గాల వీధిలో మునెమ్మ ఇంటి నడిమి గదినంతా ఆమె మగ్గమే ఆక్రమించుకుంది. మిగిలిన కాస్త చోటులో వంట, పడక. అలాంటి ఇంట్లో పార్టీ ఇవ్వాలని మొగుడు సుదర్శనానికి బుద్ధి పుట్టింది. తిరుత్తణి ఆఫీసులో అటెండరుగా ఉన్నవాడు అప్పుడే గుమాస్తా అయ్యాడు మరి.

"ఆకులేసి అన్నం పెడితే పోలా మామా?" అంది మునెమ్మ.

"అది విందే. పార్టీ అంటే ప్లేటు పట్టుకోని, మాట్లాడుకుంటా, నిలబడి తింటారు."

"నిలబడి తినేదానికి వాళ్ళేమన్నా గుర్రాలా? ఇంటికొచ్చినోళ్ళను కూకోమనకుంటే నా మొగం యాడ పెట్టుకునేది?"

చివరికి వాకిట్లో గుడ్డపందిరి వేయించి, దాని కింద బాడుగ కుర్చీలు వేయించాడు.

ఆదివారం సాయంత్రం మునెమ్మ కేసరి దించి వడలు తీస్తుండగా వాన పట్టుకుంది. పందిరి మీద నీళ్ళు నిలిచి, గుడ్డ కడుపుతో ఉన్నట్టు కిందికి వేలాడి, కుర్చీల మీద ఒక్కసారిగా కుమ్మరించింది. సరిగ్గా అప్పుడే బస్సు దిగిన ఆఫీసరు శివప్రకాశం, ఆయన వెంట ఆఫీసంతా పరుగున వచ్చారు. సుదర్శనం "రండి సార్, రండి" అంటూనే ద్వారానికి అడ్డంగా నిలబడిపోయాడు. లోపల చోటెక్కడుంది?

"నువ్వు తప్పుకో మామా," అని మునెమ్మ ముందుకొచ్చింది. మగ్గం మీది చీర తడవకుండా దుప్పటి కప్పింది. "సారూ, మగ్గం గుంటలోకి కాళ్ళు పెట్టుకోని గట్టు మీద కూకోండి. నేను నేసేది కూడా అట్లనే." మిగిలినవాళ్ళకు చుట్టూ చాపలు పరిచి ఆకులేసింది.

ఆఫీసరు రెండో వడ కొరుకుతూ సుఖంగా కాలు చాపారు. అది గుంటలో, పోగుల్ని పైకి లేపే తొక్కుడుచెక్క మీద పడింది. పోగులు లేచి, దుప్పటి బుస్సున పొంగింది. టైపిస్టు సుందరవల్లి కెవ్వుమంది. ఆఫీసరుకు తెలుగు బాగానే వచ్చుగానీ, భయానికి అరవమే నోట్లోకొచ్చింది.

"పాంబు! పాంబు!"

"పాము కాదు సారూ, మీ కాలే."

ఇల్లంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా ఆఫీసరే నవ్వారు. చేయి కడుక్కుని, దుప్పటి తీయించి, నేసి చూస్తానని పట్టుబట్టారు. అడ్డపోగు లాగే నాడెను ఆయన విసిరితే అది ఎగిరిపోయి కేసరి గిన్నెలో దిగబడింది. ఇక ఒక్కరూ ఊరుకోలేదు. ఒకరి తర్వాత ఒకరు గుంటలోకి దిగారు. ఆఖరి బస్సు హారను కొడుతుంటే గానీ ఎవరూ కదల్లేదు.

మరునాడు సుదర్శనం ఆఫీసుకు ఛాతీ విరుచుకుని వెళ్ళాడు. మునెమ్మ మాత్రం ఆఫీసు మొత్తం కలిసి నేసిన వంకరటింకర జానెడు గుడ్డను పోగుపోగూ విప్పుకుంటూ, తనలో తానే నవ్వుకుంటూ కూర్చుంది.