దొరసాని తోలిచ్చిన పిల్ల

మా అమ్మమ్మ దొరసాని అని ముప్పై ఏళ్లుగా కాన్‌బెర్రా అంతా చెప్పుకు తిరిగాను. వ్రతాల్లో, బార్బెక్యూల్లో, ఎవరు అడిగినా అడక్కపోయినా. గొప్పలు చెప్పుకోవడంలో ఎవరైనా నా తర్వాతే.

ఇప్పుడు కాన్‌బెర్రాలోనే, గంగాలిన్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మనవరాలు పదో క్లాసు. మొన్న స్కూల్లో మాట్లాడటానికి తను ఎంచుకున్నది ఒక సుల్తాను భార్య కథ. బానిసగా అమ్ముడుపోయి, అంతఃపురంలో ఉంపుడుగత్తెగా ఉండి, చివరికి అతని పెళ్లాం అయిన మనిషి.

"స్లేవ్ నుంచి క్వీన్ అయింది నానమ్మా. షీ ఈజ్ అమేజింగ్" అంది.

నా నోరు ఊరుకుంటుందా? "మా అమ్మమ్మ గూడ గట్లనే బిడ్డా" అన్నాను.

ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు చెప్పాను. మా వైపు దొరల ఇళ్లలో కూతురిని అత్తారింటికి పంపేటప్పుడు బిందెలు, బర్రెలతో పాటు ఒక పిల్లనూ పంపేవారు. ఆడబాప అనేవారు. ఆమెకు పెళ్లి ఉండదు, దొర పిలిస్తే వెళ్లాలి. మా అమ్మమ్మ దొర ఇంటికి అలా వచ్చిందే. అసలు దొరసాని కాన్పులో పోయాక దొర ఈమెకే పుస్తె కట్టాడు. ఊరు నోరెళ్లబెట్టింది.

మనవరాలు మురిసిపోయింది. మా అమ్మమ్మ గురించి కూడా క్లాసులో చెబుతానంది. అక్కడితో ఆపితే నా పరువూ, మా అమ్మమ్మ పరువూ నిలిచేవి.

"మరి దొరసాని అయ్యాక మిగతా గర్ల్స్‌ని ఫ్రీ చేసేసిందా?" అని అడిగింది.

అబద్ధం నోటిదాకా వచ్చింది. మనవరాలి ముఖం చూసి మింగేశాను.

"లేదు బిడ్డా. మా అమ్మ పెండ్లికి తనే ఒక పిల్లను తోలిచ్చింది. పదేండ్లుంటయేమో దానికి."

ఆ పిల్లే నన్ను పెంచింది. చంకనేసుకుని తిప్పింది, తల దువ్వింది, నేను తినేదాకా తాను ముద్ద ముట్టలేదు. మా అమ్మ కంటే ఆమె అంటేనే నాకు ఎక్కువ ఇష్టం. ఆ మాట మనవరాలితో మొదటిసారి పైకి అన్నాను, సిగ్గేసింది.

"ఆమెను ఏమని పిలిచేదానివి నానమ్మా?"

"ఒక్కసారి అక్కా అన్న. మా అమ్మమ్మ నా చెంప మీద కొట్టింది. గప్పటిసంది ఒసేయ్ అనే పిలిచిన, ఆమె సచ్చిపొయ్యేదాక."