కదలకమ్మ

ఆవిడ అసలు పేరు ఆసుపత్రిలో ఎవరి నోటా రాదు. ఎమ్మారై గదిలో పిల్లల్ని పడుకోబెట్టి "కదలకమ్మా, కదలకు నాన్నా" అని రోజంతా బతిమాలుతూ ఉంటుంది గనుక, కదలకమ్మ అయి కూర్చుంది. కూరలకు వెళ్లమంటే మొగుడు కూడా కుర్చీలోంచి లేవకుండా, "కదలొద్దనేది నువ్వేగా!" అని ఏడిపిస్తాడు.

ఆ మధ్యాహ్నం ఒక ఏడేళ్ల పిల్లను తీసుకొచ్చారు. ఉయ్యాల మీంచి వెల్లకిలా పడింది. ఎక్స్‌రేలో ఎముకలన్నీ నిక్షేపంలా ఉన్నాయి, కాళ్లు మాత్రం ఉలకవు, పలకవు. పిల్లల వెన్ను లేతది. విరగకుండా సాగి ఊరుకుంటుంది, లోపలి వెన్నుపాము మాత్రం నలిగిపోతుంది. అది ఎక్స్‌రేకు అందదు. వెన్నుపాము తెగిందా, వాచిందా? తెగితే ఆ పిల్ల ఇక నడవదు. వాళ్లమ్మ బయట గోడకు చేరగిలబడి ఉంది.

"కదలకమ్మా బంగారం, కదిలితే బొమ్మ సరిగ్గా రాదు."

"కాళ్లు ఎలాగూ కదలవుగా ఆంటీ," అంది పిల్ల, ఆవిడకే ధైర్యం చెబుతున్నట్టు.

కదలకమ్మ గుండె కలుక్కుమంది. ఇన్నేళ్లుగా అంటున్న మాట మొదటిసారి నోటికి చేదుగా తగిలింది.

అద్దానికి ఇవతల కూర్చుంది. యంత్రం దడదడా మోగి, ఎక్కడో దూరాన ఎవరో తలుపు తడుతున్నట్టు మెత్తబడింది. ఆ చల్లటి గదిలో ఆవిడకు ఎప్పుడూ ఇంతే. మెలకువే, అయినా కల. నల్లటి తెర మీద పిల్ల వెన్ను మెల్లగా తేలి వచ్చింది. తెల్లటి నీటి మధ్య బూడిదరంగు దారంలా వెన్నుపాము. తనూ చిన్నదైపోయి ఆ నీటిలోకి దిగి, దారాన్ని చేత్తో తడుముకుంటూ పోతున్నట్టు అనిపించింది. నడుముకు కాస్త పైన అది ఉబ్బి, మసగ్గా తెల్లబడింది. ఊపిరి బిగబట్టింది. వాపులోంచి దారం సన్నగా బయటపడి కిందికి సాగిపోయింది.

"తెగలేదే తల్లీ!" అనుకుంది పైకే. కానీ వాపు కూడా కాళ్లను ఎత్తుకుపోగలదు. ఆ సంగతి తెర చెప్పదు.

తర్వాతి బొమ్మ అలుక్కుపోయింది. మళ్లీ తీసింది, మళ్లీ అంతే. ఆవిడకు చిర్రెత్తుకొచ్చింది. యంత్రం ఆపి లోపలికెళ్లి, పిల్లను బయటికి లాగింది.

"ఏంటమ్మా, కదలొద్దన్నానా లేదా?"

పిల్ల కళ్లనిండా నీళ్లు. "నేను కాదు ఆంటీ, కాలే కదిలింది. ఆపుదామనుకున్నా, మళ్లీ కదిలింది. తిట్టకండి."

కదలకమ్మ దుప్పటి తొలగించింది. "ఏదీ, ఇంకోసారి?" అంది.

పిల్ల అనుమానంగా చూసింది. తర్వాత ఎడమ బొటనవేలు, మహా బద్ధకంగా, వంగింది.

"ఇంకా కదపనా ఆంటీ?"

కదలకమ్మ ఆ పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని హాయిగా ఏడుస్తోంది.