మా ఆయన పెట్టిన జమానత్

గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ మాకిచ్చిన క్వార్టర్‌లో రెండు గదులు, వెనక చిన్న వాకిలి. మా ఆయనకు డ్యూటీ ఉన్నన్నాళ్లే అది మాది. అందుకే కాపురానికి వచ్చిన రెండో ఏడే వంద గజాల జాగా కొనాలని పట్టుబట్టి చిట్టీలో చేరాను. నెలనెలా చిట్టీ కట్టాకే మిగతా ఖర్చు. కిరాణా కొట్టులో ఉద్దెర తెచ్చేదాన్ని కాదు. చేతిలో పైసలుంటే కూర, లేకపోతే పచ్చిపులుసు. క్వార్టర్ల వరుసలో అందరూ నన్ను పిసినారి అనేవాళ్లు. నిజమే కాబట్టి ఊరుకున్నాను.

మా ఆయన నాకు పూర్తిగా విరుద్ధం. చేతికి ఎముక లేని మనిషి. ఎనభైల చివర్లో ఒకరోజు, తనతో పాటు బొగ్గుబావిలో పనిచేసే ఒకతని సొసైటీ లోనుకు జమానత్ సంతకం పెట్టి వచ్చాడు. ఆ మాట కూడా అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక నింపాదిగా చెప్పాడు. అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే జమానత్ పెట్టినవాడి జీతంలోంచి కోస్తారు. ఖనిలో ఈ సంగతి పిల్లలకు కూడా తెలుసు.

"ఆయన నెలకు పదిరోజులు డ్యూటీకి పోడని నువ్వే చెప్పినవ్ గద?" అన్నాను.

"అయితె ఏంది? బావిల నా పక్కన ఉండేది వాడు. రేపు పైకప్పు కూలితె నన్ను బయటికి గుంజేది వాడే. గసొంటోనికి సంతకం పెట్టనని ఎట్ల అంట?"

కిందికి దిగేవాళ్ల మధ్య ఇలాంటి లెక్కలు కొన్ని ఉంటాయి, పైనుండే ఆడవాళ్లం వాటితో వాదించలేం. వాదించలేకపోయానన్న కోపంతోనే రెండు రోజులు పచ్చిపులుసే పోశాను.

నాలుగో నెల మా జీతంలో కోత పడింది. ఆ మనిషి నెలలో సగం రోజులు నాగా పెట్టాడు. డ్యూటీకి పోతేనే మస్టర్ పడుతుంది, మస్టర్లు ఉంటేనే జీతం. ఆయనకు జీతం రాకపోతే వాయిదా మా నెత్తిన. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. ఆ నెల చిట్టీ కట్టడానికి ముక్కుపుడక కుదువ పెట్టాను. మర్నాడు పొద్దున్నే, కడిగేసి రావాలనే ఉద్దేశంతో వాళ్లింటికి పోయాను.

ఆయన గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. ఆయన భార్య పిల్లను చంకనేసుకుని తలుపు దగ్గరే నిలబడింది.

"లేపితె కొడుతడక్కా" అంది.

తిట్టాలనుకున్నవన్నీ మింగి, నేనే లోపలికి పోయి దుప్పటి గుంజాను.

"లే తమ్మీ. ఫస్ట్ షిఫ్టు టైమ్ అయితాంది."

ఆయన లేచి కూర్చుని, నన్ను చూసి బిత్తరపోయాడు. పెళ్లాం మీద లేచే చెయ్యి వదినె మీద లేవదని నాకు ఆ పొద్దున తెలిసింది. ముఖం కడుక్కుని టిఫిన్ డబ్బా పట్టుకుని పోయాడు.

మర్నాడూ పోయాను. అలా ఇంచుమించు రెండేళ్లు పోయాను. ఫస్ట్ షిఫ్టు వారం తెల్లవారగానే, సెకండ్ షిఫ్టు వారం మధ్యాహ్నం. నైట్ షిఫ్టు వారమైతే పొద్దుగూకక ముందే పోయి, సారా దుకాణం వైపు అడుగు పడకుండా కాపలా కూర్చునేదాన్ని. నువ్వే పోయి లేపొచ్చు కదా అని మా ఆయన్ని అడిగితే, "మొగోడు పోయి ఇంకో మొగోన్ని నిద్ర లేపితె వాని ఇజ్జత్ ఏమైతది?" అన్నాడు. నా కాళ్ల నొప్పుల ఊసు మాత్రం ఎత్తలేదు. వరుసలో అమ్మలక్కలకు నేనొక వేడుక. "బావి సైరన్ కంటె ముందు నువ్వే మోగుతున్నవ్ గదనే" అని నవ్వేవాళ్లు.

ఆ మనిషి మారాడు, అబద్ధమెందుకు. కొన్నాళ్లకు నేను మలుపు తిరిగేసరికి తయారై గడప ముందు నిలబడేవాడు. ఆ ఇంట్లో పాలు పోయించుకోవడం మొదలైంది. ఆయన భార్య నాకు చాయ్ పెట్టి ఇచ్చేది. ఆ చాయ్ నాకు ఇష్టంగానే ఉండేది. కానీ నేను పోయింది చాయ్ కోసమూ కాదు, ఆమె కోసమూ కాదు. జీతం రోజున వాయిదా ఆయన జీతంలోంచే పోయిందా లేదా, అంతవరకే నాకు కావాలి.

లోను తీరింది. ఆ నెలలోనే నేను చిట్టీ ఎత్తి జాగా రిజిస్ట్రీ చేయించాను. ఇక వాళ్లింటికి పోవడం మానేశాను. వారం తిరక్కుండానే ఆమె మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అక్కా, మీ బాకీ ఒడిసింది. నా సంసారం ఇంక నడవాలె గద. ఇంకొన్ని దినాలు వచ్చి లేపరాదు?"

"నీ మొగన్ని నువ్వే లేపుకోవాలె చెల్లె. నేనెన్ని దినాలని రావాలె?" అన్నాను.

నేనన్నదాంట్లో తప్పేమీ లేదు. ఎవరిని అడిగినా న్యాయమేనంటారు. "గట్లనే అక్కా" అని ఆమె వెళ్లిపోయింది.

నాగాలు మళ్లీ మొదలయ్యాయి. ఏడాది దాటేసరికి ఆయన ఉద్యోగం పోయింది. మంచిర్యాల అవతల ఉన్న వాళ్ల ఊరికి పోయే రోజు ఆమె చెప్పిపోవడానికి వచ్చింది. నేను పిల్ల చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టాను.

"జాగల ఇల్లు ఎప్పుడు కడుతరక్కా?" అని అడిగింది.

"వచ్చే ఏడు" అన్నాను.

"మంచిగ కట్టుకోండ్రి" అంది, మనస్ఫూర్తిగానే.

ఒక్క నిష్ఠూరమైనా ఆడలేదు. ఆడి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని, అక్కడితో పోయేది.