వేలంలో లేని చెట్లు

తెలంగాణ వచ్చిన మూడో ఏడు, వానలు మొదలయ్యే రోజుల్లో నన్ను పాలమూరు జిల్లాలోని ఒక చిన్న కాలేజీ ఊరికి ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసర్‌గా బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. జడ్చర్ల వైపు తిరిగేవాళ్లు గుట్ట ఆనవాళ్లు చెబితేనే గుర్తుపడతారు. సెక్షన్ ఆఫీసర్ అంటే పెద్ద హోదా కాదు. కింద బీట్ ఆఫీసర్లు, పైన రేంజ్ ఆఫీసర్, మధ్యలో ఇద్దరి చేతా మాట పడేది మేము. ఖాకీ వేసుకున్న ఆడమనిషిని చూసి ఊరివాళ్లు మొదట్లో పోలీసనుకుని పక్కకు తప్పుకునేవారు. అటవీశాఖ అని తెలిశాక భయం పోయి పలకరించడం మొదలుపెట్టారు.

ఊళ్లో డిగ్రీ కాలేజీ, పాలిటెక్నిక్, వాటికి తగ్గట్టు హాస్టళ్లు ఉండేవి. ఉన్న ఒక్క సినిమాహాలూ ఫంక్షన్ హాలుగా మారిపోయింది. జేబులో రూపాయి లేకుండా ఆదివారం ఎలా గడపాలో ఆ పిల్లల దగ్గరే నేర్చుకోవాలి. పొద్దున చెరువు కట్ట మీద నడక. ఆ తర్వాత స్టేషన్ పైవంతెన మీద నిలబడి వచ్చే పోయే బండ్లు చూడటం. వారపు అంగడి ఉంటే ఏదీ కొనకుండా అన్నీ బేరమాడటం. ఎండ తగ్గాక గుట్ట. పైన పాత కోటగోడ ముక్కొకటి, దాని పక్కన పదిమంది పడుకోగలిగినంత బండ. కింద హైవే మీద లారీల వరుస కనబడేది, గాలి మాత్రం చల్లగా వచ్చేది. డ్యూటీ పేరు చెప్పి నేనూ ఎన్నో సాయంత్రాలు అక్కడ కూర్చున్నాను. ఉద్యోగంలో నేను సుఖంగా ఉన్న చోటేదని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఆ బండే అంటాను.

ఆ గుట్ట రిజర్వు అడవి, దాని నిండా సీతాఫలం చెట్లు. శాఖ ఏటా ఆ కాయలకు వేలం పెట్టేది. ఎక్కువ పాడినవాళ్లకు ఆ సీజనంతా కోసుకునే హక్కు. చెట్టు శాఖదే, కొమ్మ నరికితే ఎవరైనా నేరస్థులే. కాయ మాత్రం పాటదారుది. కాలేజీ పిల్లలకు ఈ సంగతి తెలియదు. గుట్ట మీద కాయకు యజమాని ఉంటాడని వాళ్ల ఇళ్లలో ఎవరూ చెప్పి ఉండరు. చెట్టు మీదే మాగిన పండు లారీ ఎక్కేలోపే చితికిపోతుంది కాబట్టి పాటదారులూ దాన్ని పట్టించుకునేవారు కాదు. దాన్ని పిల్లలూ ఉడతలూ పంచుకునేవారు. ఎవరైనా గట్టికాయ జోలికి పోతేనే తగాదా.

ఒక ఏడు పాట పాడింది జడ్చర్ల నుంచి వచ్చిన యాదగిరి. పెద్దలకు పెట్టుకునే అమావాస్య, పెత్రమాస, ఆదివారం నాడు పడింది. భోజనం చేస్తుండగా మా బీట్ ఆఫీసర్ ఫోన్ చేశాడు. సంచి నిండా గట్టికాయలతో ఒక అమ్మాయిని పాటదారు పట్టుకున్నాడట, కేసు రాయమని పట్టుబట్టాడట. నేను వచ్చేదాకా పుస్తకం తెరవొద్దని చెప్పి బయల్దేరాను. మేము నేరం నమోదు చేసే పుస్తకంలో పేజీలకు నంబర్లుంటాయి. ఒకసారి రాసిన పేజీని చింపడానికి లేదు. పేరెక్కిందంటే అది రేంజ్ ఆఫీసుకు పోవలసిందే.

ఆ అమ్మాయి పేరు మంజుల. కోస్గి దగ్గరి పల్లె, డిగ్రీ ఆఖరి ఏడు. వెంట వచ్చిన స్నేహితురాళ్లు ఏడుస్తున్నారు గాని, తను నిటారుగా నిలబడి ఉంది. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికైందట. ఇక పోలీసులు ఊరికి వచ్చి ఆమె గురించి విచారించడమే మిగిలింది.

"కేసుంటే నన్ను తీసుకోరు మేడం. రెండేండ్ల సంది గీ గుట్ట ఎక్కుకుంట దిగుకుంటనే ఉరుకుడు నేర్చుకున్న," అంది.

గట్టికాయలు ఎందుకు కోశావని అడిగాను. కాలేజీకి మర్నాటి నుంచి సెలవులు. వాళ్ల అవ్వకు సీతాఫలమంటే ఇష్టం. పండు కోస్తే బస్సులో నలిగిపోతుందని కాయలే తెంపింది. దాచకుండా చెప్పింది. ఆ నిజం ఆమెకు ఏ మాత్రం పనికొచ్చేది కాదు.

యాదగిరిని కాస్త ఆలోచించమన్నాను. ఆయన చల్లబడలేదు. "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నేను పైసలు పెట్టి పాడిన కాయలు మీరెట్ల ఇడుస్తరు మేడం?" అన్నాడు. ఆయన చెప్పింది న్యాయమే.

అయితే మాట్లాడుతున్నంతసేపూ ఆయన చూపు చెట్ల మీదే ఉంది. పెత్రమాస అని కోసేవాళ్లెవరూ పనికి రాలేదు. పైన చెట్ల నిండా కాయ కండ్లు తెరిచి ఉంది. తొక్క మీది కళ్ల మధ్య గీతలు తెల్లబడ్డ కాయను ఆ రోజే దించాలి. మర్నాటికి సగం చెట్టు మీదే మెత్తబడుతుంది. లారీ ఏమో సాయంత్రానికే వస్తుంది. ఆ మనిషి కోపంలో సగం ఈ దిగులేనని నాకు అర్థమైంది.

మంజులకు నాకన్నా ముందే అర్థమైంది. "కాకా, పొద్దుగూకేదాంక మేం కోస్తం. ఏ కాయ తెంపాల్నో మాకు ఎరుకే," అంది.

"దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంటది," అన్నాడు యాదగిరి. అంటూనే నవ్వాపుకోలేకపోయాడు.

ఫోన్లు వెళ్లాయి. చెరువు కట్ట మీద ఉన్నవాళ్లు, స్టేషన్ వంతెన మీద ఉన్నవాళ్లు గుట్టకు వచ్చారు. ఆదివారం పూట హాస్టల్ పిల్లలు ఇంకెక్కడ దొరుకుతారు? యాదగిరి ఇచ్చిన, కాయలు తెంపే దోటీలు పట్టుకుని పైకెక్కారు. ఎక్కడా కొమ్మ విరగకుండా చూడటం నా పని, మా బీట్ ఆఫీసర్ పని. ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ, పాటలు పాడుతూ బుట్టలు నింపారు. అంత సందడి ఆ గుట్ట మీద నేను మళ్లీ చూడలేదు. సీతాఫలాల కాలం వస్తే ఆ మధ్యాహ్నం గుర్తొచ్చి మనసు అటే లాగుతుంది.

లారీ నిండాక యాదగిరి మంజుల సంచి ఆమెకే ఇచ్చి, పైన మరో నాలుగు మంచి కాయలు వేశాడు. "అవ్వకు నేనిచ్చిన్నని చెప్పు బిడ్డా," అన్నాడు. తనకు ఫిర్యాదేమీ లేదని నాతో అన్నాడు.

అయినా జరిగినదంతా రేంజ్ ఆఫీసర్‌కు ఫోన్‌లో చెప్పాను. దాచిపెట్టిన దయ తర్వాత మన మెడకే చుట్టుకుంటుంది. ఆయన ఒకే ప్రశ్న అడిగారు, కొమ్మ ఏదైనా నరికారా అని. లేదన్నాను. మందలించి పంపమన్నారు. మందలించాను. మంజుల విచారణ ఏ అడ్డూ లేకుండా ముగిసి, ఆమె శిక్షణకు వెళ్లింది.

నాకు మాత్రం దిగులు తీరలేదు. వచ్చే ఏడు పాటదారు ఇంకొకరు కావచ్చు, ఆయన లారీకి తొందర లేకపోవచ్చు. అందుకని మరుసటి వేలానికి ముందే ఒక ప్రతిపాదన పంపాను. బండకు వెళ్లే బాటకు రెండు వైపులా, చేతికందే చెట్లను వేలం నుంచి తప్పించాలని. పాట ధర తగ్గుతుందని దాన్ని తిప్పి పంపారు. యాదగిరి తనంతట తానే రేంజ్ ఆఫీసుకు వచ్చి, ఆ చెట్లు లేకపోయినా తను పాడే ధర మారదని చెప్పాడు. బాట పక్క కాయ ఎట్లాగూ పాటదారుకు దక్కదన్నాడు. ప్రతిపాదన మళ్లీ పంపితే మంజూరైంది. ఆ చెట్ల మొదళ్లకు సున్నం పట్టీ వేయించాం. సున్నం పట్టీ ఉన్న చెట్లు వేలంలో లేవని నోటీసులో ఒక వాక్యం చేరింది. నేను అక్కడే రిటైరయ్యాను.

ఊళ్లో ఉచితంగా దొరికేదంతా ఎవరిదీ కాదని అందరం అనుకుంటాం. నిజానికి దాన్ని ఎవరో ఒకరు వదిలిపెట్టి ఉంటారు. నోటిమాటతో వదిలింది ఆ మనిషి ఉన్నన్నాళ్లే నిలుస్తుంది. తర్వాత వచ్చే పిల్లలకూ దక్కాలంటే వదిలిన సంగతి నోటీసులోకి ఎక్కించాలి. అది మా ఉద్యోగంలో భాగమేనని ఆ గుట్ట మీద తెలుసుకున్నాను.