పక్కింటి అత్తకూ భయమే

నా చిన్నప్పుడు పటాన్‌చెరులో మా పక్క పోర్షన్‌లో కిరాయికి ఉండే అత్తంటే నాకు హడల్. ఆమె నాటకాల్లో హాస్య పాత్రలు వేసేది. పొద్దున్నే గోడ అవతల రెండు గొంతులతో తనతో తానే పోట్లాడేది. అంటించిన మీసం తీయకుండానే కూరగాయలకు వచ్చేది. దారిలో మేక ఎదురైతే ఆగి నమస్కారం పెట్టేది. పిచ్చిదనుకుని పిల్లలం ఉరికేవాళ్లం.

పడుచు వయసులో ఆమె రాకుమారి వేషంలో మొదటిసారి స్టేజీ ఎక్కి, చీర తట్టుకుని బోర్లా పడిందట. జనం నవ్వారు. ఆమె లేచి, కిరీటం సర్దుకుని, ఈసారి కావాలనే పడింది. ఆ తర్వాత ఆమెకు ఎవరూ రాకుమారి వేషం ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు. గయ్యాళి అత్త, తాగుబోతు మామ, అన్నీ ఆమే. ఇదంతా అమ్మ చెప్పింది.

ఒక దసరాకు ఫ్యాక్టరీ పక్కనే కార్మికుల కోసం చుట్టూ రేకులు కట్టి, షామియానా వేసి నాటకం పెట్టారు. అమ్మ నన్ను తీసుకెళ్లింది. ఇంకా వెలుగుంది. పక్కింటి అత్త స్టేజీ మీద కోడలిని దులిపేస్తుండగా ఏదో ఘాటు వాసన వచ్చి కళ్లు మండాయి. "గ్యాసు లీకైంది!" అని ఎవరో అరిచారు. అందరూ ఒక్కసారే లేచారు. బయటికి దారి ఒకటే, అదీ ఇరుకు. తోపులాటలో అమ్మ చెయ్యి జారిపోయింది. నేను కింద పడ్డాను. ఎటు చూసినా కాళ్లే, నా మీదికే వస్తున్నాయి. రెండు చేతులతో తల కప్పుకున్నాను.

అప్పుడు మైకులో గయ్యాళి అత్త గొంతు ఖంగుమంది.

"ఆగుండ్రి! అత్తను నేను! నేను పొమ్మనక ముందే ఎవ్వడు పోయేది? ఓ అల్లుడా, నీ బొర్ర ఎనకకు గుంజు, కింద పోరి పడ్డది!"

జనం బిత్తరపోయి ఆగారు. కొందరు నవ్వారు కూడా. ఆ సందులో అమ్మ నన్ను లేపి ఎత్తుకుంది. పక్కింటి అత్త ముక్కులకు తడిగుడ్డ అడ్డం పెట్టుకోమని, పిల్లలూ ముసలివాళ్లూ ముందని, ఒక్కో వరసనూ తిడుతూ బయటికి పంపింది. చివరి మనిషి కదిలేదాకా ఆమె మైకు వదల్లేదు.

మేం గాలికి ఎదురు నడిచి పెద్ద రోడ్డు పక్కన కూలబడ్డాం. ఆమె అందరికంటే ఆఖరున దగ్గుకుంటూ వచ్చింది. నిలబడలేక మా పక్కనే కూర్చుండిపోయింది. చేతులు గజగజ వణుకుతున్నాయి.

"అత్తా, నీకు భయం కాలేదా?" అని అడిగాను.

"కాకేంది బిడ్డా, పానం పోయినంత పనైంది. నాటకం ఆడిన ప్రతిసారీ గిట్లనే వణుకుత. వణుకు తగ్గినంక చూద్దామంటె ఇగ పని అయితదా?"

ఆ గ్యాసు ఆమె గొంతును మింగేసింది. మాట మళ్లీ సరిగా రాలేదు. చాలాకాలం తలుపు మూసుకుని ఉండిపోయింది. తర్వాత మూగ వేషాలతో తిరిగి స్టేజీ ఎక్కి, చనిపోయేదాకా కనుబొమ్మలతోనే జనాన్ని నవ్వించింది.

పోయినేడు అమీన్‌పూర్‌లో, ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు, మా ఆయన ఛాతీ పట్టుకుని పడిపోయారు. నా చేతులు ఫోన్ నిలవనంతగా వణికాయి. వణకనిచ్చాను. ఆ వణుకుతోనే అంబులెన్సుకు చెప్పాను, ఆ వణుకుతోనే ఆయన ఛాతీ మీద చేతులుంచి నొక్కాను. ఆయన బతికారు. నాకు ఇప్పటికీ అన్నింటికీ భయమే. అది తగ్గేదాకా ఆగడం మాత్రం ఆ రోడ్డు పక్కనే మానేశాను.